జర్మన్ రానిదే దేవుడు దొరకడు

దేవుడికి తెలుగు రాదు. చిక్కడపల్లి గుళ్ల ముందు రోజూ క్యూ కట్టే అమాయకులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. అందుకే నేను చెబుతున్నాను. దేవుడికి వచ్చింది జర్మనే!

నాకెలా తెలుసంటారా? దైవశాస్త్ర విభాగంలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా దగ్గర పీహెచ్‌డీ చెయ్యాలంటే ముందు జర్మన్ పరీక్ష పాసవ్వాలి. ఒక పేజీ ఇస్తాం, దాన్ని తెలుగులోకి మార్చాలి. మూడు ఛాన్సులు. మూడూ తప్పితే సీటు పోతుంది. "పోచమ్మకీ జర్మనీకీ ఏమిటండీ సంబంధం?" అని అడిగేవాళ్లున్నారు. సంబంధం లేనిది నేర్చుకోవడాన్నే కదా ఉన్నత విద్య అంటారు!

లాభాలు చూడండి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ బోర్డుల మధ్య ఇప్పుడు జర్మన్ బోర్డు కూడా వెలిసింది. హాస్టల్ పిల్లలు ఉప్మా ముందు కూర్చుని క్రియాపదాలు వల్లిస్తున్నారు. భయభక్తులంటారు కదా, అందులో మొదటి సగం మేం గ్యారంటీగా ఇస్తున్నాం.

పేపర్లు దిద్దేది నేనే. నాకు జర్మన్ వచ్చా? రావాల్సిన పనేముంది! మా గురువు విశ్వేశ్వరరావు గారు రిటైరయ్యే ముందు ఆ పేజీకి తెలుగు రాసిచ్చి వెళ్లారు. దాన్నే కీ అంటాం. పద్దెనిమిదేళ్లుగా అదే పేజీ, అదే కీ. అది జిరాక్సు షాపుల దాకా ఎలా చేరిందో నాకు తెలియదు. నిరుడు ఫణికిరణ్ అనే విద్యార్థి దాన్ని కామాలతో సహా దించేసి తొంభై ఎనిమిది తెచ్చుకున్నాడు. ప్రతిభ అంటే అది.

మూర్ఖత్వం అంటే త్రివేణి. విద్యానగర్ పిల్ల. నారాయణగూడ మార్కెట్‌లో ఆకుకూరలమ్మే ఎల్లవ్వకి పోచమ్మ కథ మొత్తం నోటికి వచ్చట. జబ్బు ఇచ్చే తల్లే జబ్బు ఎందుకు తగ్గిస్తుందో ఆ కథలో ఉందట. దాని మీద పరిశోధన చేస్తుందట! రెండుసార్లు జర్మన్ తప్పింది. ఫణికిరణ్ జాలిపడి కీ ఇవ్వబోతే, "వద్దన్నా, నేర్చుకొనే రాస్త" అందట. ఏడాది కూర్చుని నిజంగానే నేర్చుకుంది.

ఫలితం? కీతో ఒక్క ముక్క కలవలేదు. పైగా చివర్లో ఒక వాక్యం ఎక్కువ రాసింది: "ఏ జనం కొలిచే దేవుణ్ణి తెలుసుకోవాలన్నా, ముందు వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల మాట వినాలి." కీలో అలాంటిదేమీ లేదు. పన్నెండు మార్కులు వేశాను.

"సార్, గిది పేజీలనే ఉన్నది. ఒక్కసారి జర చూడుండ్రి," అని వేలు పెట్టి చూపించింది. కళ్లనిండా నీళ్లు. చూశాను. అక్షరాలు చాలా అందంగా ఉన్నాయి.

"పేజీ చూసి మార్కులు వెయ్యరమ్మా, కీ చూసి వేస్తారు," అన్నాను. అది మూడో ఛాన్సు. సీటు పోయింది.

మొన్న సాయంత్రం కొత్తిమీర కోసం నారాయణగూడ మార్కెట్‌కి వెళ్లాను. ఎల్లవ్వ గోనెపట్టా మీద కూర్చుని పాడుతోంది. పక్కనే త్రివేణి, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని రాసుకుంటోంది. సీటు లేదు, గైడు లేడు, ఎవరి అనుమతీ లేదు. అయినా ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. నాకెందుకో సిగ్గేసింది. కొత్తిమీర సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

ఎల్లవ్వ పాట ఆపి నా వంక చూసింది. "ఏంది సారూ, గట్ల నిలవడ్డవ్? కూసో. తెలుగు సమజైతది గద?"

మా విభాగంలో తెలుగు పరీక్ష లేదని చెప్పాను.