తాబేలు రానూపోనూ

ఇసుక, నీళ్ళు, గాలి ఉన్నంత మాత్రాన దాన్ని తీరం అనడానికి వీల్లేదు. ఎవరో ఒకరు పొద్దున్నే నడిచి, చూసి, ఫోనులో ఫారం నింపి పంపితేనే అది తీరం. అంతవరకూ సముద్రం పక్కన ఊరికే పడి ఉన్న జాగా.

ఈ లోటు తీర్చడానికే శ్రీకాకుళం జిల్లాలోని మా గుల్లలపేట ఒడ్డుకు ‘తీర వీక్షణ పథకం’ వచ్చింది. నాలుగు కిలోమీటర్ల ఒడ్డు, ఆరుగురు స్వచ్ఛంద పరిశీలకులు, ఒక యాప్. (జీతం లేదు. టోపీ ఉంది.) రోజూ తెల్లవారాక ఒడ్డంతా తిరిగి జంతువులెన్ని, సందర్శకులెందరు అన్నది నమోదు చెయ్యాలి. రాజాం నుంచి పిక్నిక్‌కి వచ్చినవాళ్ళు బిర్యానీ పొట్లాలు ఇసుకలో పారేసి వెళితే అది ‘సందర్శకుల సంతృప్తి’. ఆ పొట్లాల కోసం కొట్టుకునే కుక్కలు ‘ప్రాణుల సంచారం’. రెండూ పెరుగుతున్నాయి కనుక పథకం దిగ్విజయంగా నడుస్తోంది.

ఆరుగురిలో పని తెలిసిన మనిషి అసిరమ్మ ఒక్కతే. ఎండుచేపలు అమ్ముకుంటుంది. యాప్ పుట్టక ముందు నుంచీ, పదిహేనేళ్ళుగా తాబేలు గుడ్లు కాపాడుతోంది. మాఘమాసంలో తాబేలు ఒడ్డెక్కి, గొయ్యి తవ్వి, నూటపైచిలుకు గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పోటు తగిలేచోట పెట్టిందంటే ఆ గుడ్లు దక్కవు. అసిరమ్మ వాటిని బుట్టలోకి తీసి, ఎగువన దడి కట్టినచోట అదే లోతు గొయ్యిలో పెడుతుంది. నెలన్నరకు పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి పోతాయి. అంతే ఆవిడ పథకం.

ఫారంలో ‘జాడలు’ అని ఒక గడి ఉంది. తాబేలు ఎక్కిన జాడ ఒకటి, దిగిన జాడ ఒకటి. అసిరమ్మకు అబద్ధం చేతకాదు గనుక ప్రతిసారీ రెండు అని నింపింది. పక్క గడిలో గూడు ఒకటి.

పథకం సమన్వయాధికారి గణపతిరావుగారు ఇదివరకు బస్సు ప్రయాణికుల లెక్కలు చూసినవారు. అక్కడ వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు, వెరసి ఇద్దరు. ఆ అనుభవంతో చూస్తే నెలరోజుల్లో మా ఒడ్డుకు ఎనభై నాలుగు తాబేళ్ళు వచ్చాయి. గూళ్ళు చూస్తే నలభై రెండే. మిగతా నలభై రెండు గూళ్ళ గుడ్లు ఎవరు తిన్నట్టు? అసిరమ్మకు నోటీసు వచ్చింది. విచారణ ముగిసేదాకా ఆమె గుడ్లను చూడవచ్చు, ముట్టరాదు. ముడితే కేసు.

విచారణ అమావాస్య నాడు పడింది. ఆ తెల్లవారుజామునే ఓ తాబేలు నీటి అంచున గుడ్లు పెట్టి పోయింది. ఎనిమిదిన్నరకు గణపతిరావుగారు కుర్చీతో సహా వచ్చారు.

“బాబూ, ఒచ్చిందీ అదే, ఎల్లిందీ అదే,” అంది అసిరమ్మ జాడలు చూపించి. “ఒక్క తాబేలే.”

“వచ్చిందే వెళ్ళిందని నీకెలా తెలుసు?”

“ఎల్లకపోతే ఇక్కడే ఉండాల కదేటి?”

ఆయన చుట్టూ చూశారు. ‘తాబేలు హాజరు కాలేదు’ అని రాసుకున్నారు.

“ఈయేళ అమాస బాబూ. పదింటికల్లా పోటొచ్చి గొయ్యి ముంచేత్తాది. నన్ను తియ్యనీండి, అరగంట పని. తరవాత నన్నేటి సేసుకుంటారో సేసుకోండి.”

“అది సాక్ష్యం అమ్మా, కదపకూడదు. అనుమతికి పైకి పంపాను.”

“పైకంటే ఎంత దూరం బాబూ?”

“సిగ్నల్ ఉంటే దగ్గరే.”

ఆరుగురిలో నేనూ ఒకణ్ణి. టోపీ పెట్టుకుని మరీ నిలబడి చూశాను. ఒళ్ళు మండింది, నోరు మాత్రం లేవలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తొమ్మిదిన్నరకు నీళ్ళు గూటివైపు ఎగబాకడం మొదలైంది. గణపతిరావుగారు కుర్చీ రెండుసార్లు వెనక్కి జరిపించుకున్నారు. అసిరమ్మ గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకతో గట్టు కట్టింది. (ఇసుకను ముట్టరాదని నోటీసులో లేదు.) మొదటి అల గట్టును తీసుకెళ్ళింది. మళ్ళీ కట్టింది. ఆ తర్వాతి అలలకు గొయ్యి కోసుకుపోయి, తెల్లటి గుడ్లు ఒక్కొక్కటే బయటికి దొర్లి ఆవిడ మోకాళ్ళను తాకుతూ పోయాయి. అసిరమ్మ రెండు చేతులూ చంకల్లో బిగించుకుని కూర్చుంది.

పోటు తగ్గాక గణపతిరావుగారు నివేదిక చదివి వినిపించారు. “జాడలు సున్నా. గూళ్ళు సున్నా. తేడా లేదు. ఆరోపణ వీగిపోయింది.” ఆమెకు అభినందనలు కూడా చెప్పారు. ఆవిడ తడిసిన చీరతో నీళ్ళకేసే చూస్తోంది.

పదకొండుంపావుకు ఆయన ఫోను మోగింది. గుడ్లు తీయడానికి అనుమతి మంజూరైంది. తీసిన గుడ్ల ఫోటో సాయంత్రం అయిదులోగా అసిరమ్మ యాప్‌లో పెట్టాలి.