ఆయన కూర్చుంటే ఆగే కంప్యూటర్

పదకొండింటికి కంప్యూటర్‌లో వీడియో ఇంటర్వ్యూ. పెళ్లికి ముందు ప్రూఫ్‌రీడర్‌గా పనిచేసిన ఆమె, తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ ఒక ప్రచురణ సంస్థలో అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఆఫీసుకు వెళ్లి, తనదంటూ ఒక బల్ల ముందు కూర్చోవాలని ఆమె కోరిక. "ఇంట్లోంచే చేసుకోవచ్చని రాశారుగా, ఇక గడప దాటడం దేనికి?" అని భర్త తేల్చేశాడు. "కంప్యూటర్ సంగతి నాకొదిలెయ్" అని, గోడ వారనున్న సీపీయూ పెట్టెను ముందురోజే బల్ల కిందికి, కుర్చీకి దగ్గరగా జరిపి పెట్టాడు కూడా.

ఉదయం తొమ్మిదికి ఆయన కూర్చుని స్విచ్ నొక్కాడు. కళ్లద్దాలు పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందని ఆయన భయం. అందుకని తెర మీద అక్షరాలు కనపడగానే చదవడానికి ముందుకు జరిగాడు. తెర నల్లబడి, కంప్యూటర్ మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ అక్షరాలు, మళ్లీ ముందుకు, మళ్లీ నలుపు.

"వైరస్," అన్నాడు, నాడి చూసిన డాక్టరులా.

"వేడి చేసుంటుందిరా," అంది అత్తగారు. అని ఊరుకోక టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టింది. కంప్యూటర్ చల్లబడిందో లేదో గానీ, బల్ల మీది సర్టిఫికెట్లు గదంతా ఎగిరాయి. ఒకటి వెళ్లి బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది.

"అయ్యో, డిగ్రీది," అంది కోడలు.

"సబ్బు నీళ్లేగా, ఏం కాదులే," అంది అత్తగారు.

ఈలోగా ఆమె తమ్ముడు ఫోన్లో, "బావా, వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టు" అని సలహా ఇచ్చాడు. పీకడం బాగానే జరిగింది. పెట్టాక రెండు వైర్లు మిగిలాయి.

పదింటికి రిపేరు చేసే అతను వచ్చి, మిగిలిన వైర్లకు చోటు చూపించి, కుర్చీలో వెనక్కి వాలి స్విచ్ నొక్కాడు. కంప్యూటర్ బుద్ధిగా మొదలైంది. అతను మెట్లు దిగాడు. ఆయన కూర్చున్నాడు. తెర నల్లబడింది. "ఏమయ్యా, ఒక్కసారి పైకి రా." అతను వచ్చి కూర్చుంటే పనిచేసింది. మూడోసారి ఎక్కేసరికి అతనికి ఆయాసం వచ్చింది.

"సార్, నేను కూర్చుంటే పనిచేస్తోంది, మీరు కూర్చుంటే ఆగుతోంది. పాడైంది అది కాదు సార్."

"అంటే?"

"ఏం లేదు సార్, వెళ్లొస్తా."

ఆయన పంతంగా మళ్లీ కూర్చుని తెర మీదికి వంగాడు. బల్ల కింద చేరిన మార్కుల కాగితం కోసం వంగిన ఆమెకు, ఆయన మోకాలు వెళ్లి పెట్టె ముందున్న రీస్టార్ట్ బటన్‌కు ఆనడం కనపడింది. ఆమె కాసేపు అలాగే చూసి, కాగితం తీసుకుని లేచింది.

"మీరు లేవండి, నేను కూర్చుంటా," అంది.

ఇంటర్వ్యూ సాఫీగా సాగింది. "ఉద్యోగం మీదేనమ్మా," అంది సంపాదకురాలు చివర్లో. "ఇంటి నుంచి చేస్తారా, ఆఫీసుకి వస్తారా? ఇంట్లో కంప్యూటర్‌తో ఇబ్బందేం లేదు కదా?"

"అవన్నీ మావారే చూసుకుంటారండి. ఆయన్నే అడగండి," అని ఆమె కుర్చీ ఖాళీ చేసింది.

ఆయన చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. "నమస్కారమండి. మా ఇంట్లో అసలు ఏ ఇబ్బందీ..." అంటూ, అవతలి మనిషి ముఖం పోల్చుకోవడానికి ముందుకు జరిగాడు.

తెర నల్లబడింది.

రెండు నిమిషాలకు ఫోన్ మోగింది. ఆమె "అలాగేనండి, అలాగే" అని పెట్టేసింది.

"ఏమన్నారు?" అన్నాడు ఆయన, చెమట తుడుచుకుంటూ.

"ఆఫీసుకే రమ్మన్నారు."

మర్నాడు ఉదయం ఆమె సీపీయూ పెట్టెను మళ్లీ గోడ వారకు జరిపి, సంచి భుజాన వేసుకుని గడప దాటింది.