మూడు లీటర్ల కాపురం

మనిషి నీళ్లు తాగడం అతని సొంత వ్యవహారమని నమ్మే అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. దాహం సొంతదే కావచ్చు. గుటక మాత్రం వ్యవస్థది. ఈ సంగతి నాకు పెళ్లైన కొత్తలో, ఒక కొండ కింద రేకుల షెడ్డులో, మావారి పక్కన క్యూలో నిలబడి ఉండగా బోధపడింది. (మావారి పక్కన క్యూలో నిలబడటం నాకు చాలా ఇష్టం. క్యూ ఎంత పొడుగుంటే అంత ఇష్టం. ఈ విషయంలో ఆఫీసులన్నీ నాకు పూర్తిగా సహకరిస్తున్నాయి.)

అది మా పెళ్లి సెలవుల్లో ఆఖరి రోజు. మర్నాటి నుంచి ఆయనకు రాత్రి షిఫ్టు, నాకు పగటి ఉద్యోగం. ఆయన తలుపు తాళం తీసే వేళకు నేను తాళం వెయ్యడానికి సిద్ధంగా ఉంటాను. అందుకని ఆ ఒక్కరోజూ కొండ కొసకు ఎక్కి, పక్కపక్కన కూర్చుని, కింద ఊళ్లో మా ఇల్లు ఎక్కడుందో ఒకరికొకరం వేలు పెట్టి చూపించుకోవాలని అనుకున్నాం. ఆ రోజుకి మా ఆశయం అదొక్కటే.

ఆ కొండకు సగం దారి సైకిలు మీద వెళ్లాలి. రాళ్లూ వేళ్లూ నిండిన దారి, దానికి తగ్గ లావు టైర్ల సైకిళ్లు. నడుమ మజిలీలో సైకిళ్లు వదిలేసి, అక్కడి నుంచి కొసదాకా నడక. మధ్యాహ్నం దాటితే మజిలీ దగ్గర పై గేటు మూసేస్తారు. ఇందులో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది మావారి వీపు మీద ఉంది.

దాన్ని హైడ్రేషన్ ప్యాక్ అంటారు. వీపుకు తగిలించుకునే సంచి, లోపల మూడు లీటర్లు పట్టే తిత్తి, తిత్తి నుంచి భుజం మీదుగా ఒక గొట్టం, గొట్టం చివర కొరికితే నీళ్లొచ్చే రబ్బరు మూతి. సైకిలు తొక్కుతూనే, హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యకుండా తాగొచ్చు.

"మేడమ్, ఇది వేసుకున్నాక వీపు మీద బరువున్నట్టే తెలియదు," అన్నాడు దుకాణం అతను.

"ఇద్దరికీ చెరొకటి తీసుకుందామా?" అన్నారు మావారు.

"ఎందుకండీ, గొట్టం పొడుగ్గానే ఉందిగా," అన్నాను.

దుకాణం అతను అటు తిరిగి, సర్దే ఉన్న బూట్లను మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

కొండ కింద ఉన్నది 'కొండదారుల సంరక్షణ, సౌకర్య, సమన్వయ కార్యాలయం'. సంరక్షణ కొండకు, సౌకర్యం సిబ్బందికి. సమన్వయం ఎవరికన్నది ఇంకా తేలలేదు. నీళ్లు లేకుండా ఎవరినీ పైకి పంపకూడదని అక్కడొక నియమం ఉంది. ఎండలో ఎవరో కళ్లు తిరిగి పడిపోయాక పెట్టిన మంచి నియమం. మంచి నియమాన్ని ఆరుబయట వదిలేస్తే పాడైపోతుందని, దాని చుట్టూ కౌంటర్లు కట్టారు.

మొదటిది సీసాల కౌంటర్.

"నీళ్లేవండీ?" అన్నాడు గుమాస్తా.

"ఇవేనండీ," అని మావారు సంచి చూపించారు.

"సీసా ఏదీ?"

"దీనికి సీసా ఉండదండీ. లోపల తిత్తి ఉంటుంది."

గుమాస్తా సంచిని బల్ల మీద నిలబెట్టాడు. అది మెల్లగా ఒక పక్కకు ఒరిగి పడుకుంది. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ పడుకుంది.

"సీసా అన్నాక నిలబడాలి. ఇది నిలబడట్లేదు. సంచుల కౌంటర్‌కి వెళ్లండి," అన్నాడు, వైద్యుడు పెద్దాసుపత్రికి రాసిచ్చే గొంతుతో.

సంచుల కౌంటర్‌లో ఉన్నావిడ, లోపల నీళ్లని వినగానే చేతులు వెనక్కి లాక్కుంది. "సంచిలో నీళ్లేంటమ్మా! సంచంటే పొడి సరుకు. తడైతే నా పరిధి కాదు. ఆ మూలగది సారు దగ్గరికి పొండి."

మూలగది సారు సందిగ్ధ వస్తువుల అధికారి. (ఆయన పోస్టు కూడా శాశ్వతమా తాత్కాలికమా అన్నది సందిగ్ధంలోనే ఉందట.) ఆయన గొట్టాన్ని ఆ కొస నుంచి ఈ కొసదాకా చేత్తో నిమిరి, కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"నీళ్లు ఒకచోట నిలవుంటాయి. గొట్టంలోంచి వస్తాయి. చివర తిప్పితేనే వస్తాయి. అంతేనా?"

"కొరికితే సార్," అన్నారు మావారు.

"ఏదో ఒకటి. దీన్నేమంటారు?"

"హైడ్రేషన్ ప్యాక్ అంటారు సార్."

"కాదు. కుళాయి అంటారు. ఇది ఇంటి కుళాయి కనెక్షన్. మీ విషయంలో ఇల్లు నడుస్తోంది, అంతే తేడా." ఆయన కలం మూత తీశారు. "కనెక్షన్ ఎవరి పేరు మీద?"

"ఈవిడ పేరు మీద," అన్నారు మావారు.

"ఈయన పేరు మీద," అన్నాను నేను, అదే క్షణంలో.

అధికారి ఇద్దర్నీ చూశారు. "కొత్తగా పెళ్లయిందా?"

"మీకెలా తెలిసింది సార్?"

"పాతబడ్డవాళ్లు ఎవరికి వాళ్లు 'నా పేరు మీద' అంటారు."

ఆ తర్వాత ఒకే మూతికి రెండు నోళ్లు ఎలా కుదురుతాయన్న ప్రశ్న వచ్చింది. ఒకే కప్పు కింద ఉండేవాళ్లకు కుదురుతుందని తేలింది. కప్పు ఏదని మరో ప్రశ్న వచ్చింది. మావారు తన వెడల్పు టోపీ తీసి చూపించారు. అధికారి సంతృప్తి చెందారు. బరువు మోసేవారికి తాగడంలో ప్రాధాన్యం ఇచ్చే ఆనవాయితీ ఎక్కడా లేదు కనుక నన్ను 'ప్రధాన తాగుదారు'గా, మావారిని 'ఆశ్రిత తాగుదారు'గా నమోదు చేశారు. మా ఇద్దరినీ కలిపి ఎవరైనా ఒక కుటుంబమని రాయడం అదే మొదటిసారి. ఆ మాట మీద సిరా ఆరేదాకా నేను ఊదుతూ కూర్చున్నాను.

"ఎందుకలా నవ్వుతున్నావ్?" అన్నారు మావారు.

"మనది కుటుంబమటండీ."

"మరి ఇన్నాళ్లూ ఏమనుకున్నావ్?"

"అనుకోవడం వేరు, రబ్బరు స్టాంపు వేరు."

చివరగా నీటి నాణ్యతాధికారి వచ్చారు. ఎవరి ఎంగిలీ తగలకుండా తన సొంత రబ్బరు మూతిని చిన్న డబ్బాలో పెట్టుకుని జేబులో వేసుకు తిరిగే నిష్ఠాపరుడు. దాన్ని మా గొట్టానికి బిగించి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చారు. పక్కన గుమాస్తా అడుగుతూ రాసుకున్నాడు.

"రంగు?"

"లేదు."

"వాసన?"

"లేదు."

"రుచి?"

అధికారి ఇంకోసారి పీల్చి, చాలాసేపు ఆలోచించారు. "బొత్తిగా లేదు. నా సర్వీసులో ఇంత స్వచ్ఛమైన నీళ్లు చూడలేదు. అసలు గొంతుకు తగిలినట్టే లేదు."

నేను గర్వంగా మావారి చెయ్యి నొక్కాను. తిత్తి నింపింది నేనే మరి.

అలా పక్కా కనెక్షన్‌తో సైకిళ్లెక్కాం. సంచిలో భోజనం డబ్బా, రెండు వానకోట్లు, గాలి పంపు కూడా ఉన్నాయి. అయినా మావారు ఎత్తు మీద లేచి నిలబడి తొక్కుతూ, "దుకాణం అతను చెప్పింది నిజమేనోయ్! నీళ్ల బరువున్నట్టే తెలియట్లేదు!" అని అరిచారు. మంచి సరుకు కొన్నామని ఇద్దరం పొంగిపోయాం. దారంతా ఒక్క గుక్క కూడా తాగలేదు. ప్రధాన తాగుదారు ముందు తాగాలని ఆయన, మోస్తున్న మనిషి ముందు తాగాలని నేను. నాలుక పిడచగట్టుకుపోయినా, "నాకు దాహం లేదండీ", "నాకూ లేదు" అని ఒకరికొకరం భరోసా ఇచ్చుకుంటూ మజిలీ చేరాం.

అక్కడ ఆయన గొట్టం నా నోటికి అందించారు. కొరికాను. పీల్చాను. నాణ్యతాధికారి చెప్పిందంతా అక్షరాలా నిజం. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్లు కూడా లేవు.

"తిత్తి నిన్న సాయంత్రమే నింపి పెట్టానండీ!" అన్నాను.

మావారి మొహం పాలిపోయింది. "కొత్త రబ్బరు వాసన నీకు పడదేమోనని పొద్దున్నే ఒంపేసి, కడిగి, ఆరడానికి కొక్కేనికి తలకిందులుగా తగిలించా. మళ్లీ నింపుదామని వెనక్కొచ్చేసరికి కొక్కెం ఖాళీ."

"మీకు శ్రమెందుకని నేనే తీసి సంచిలో పెట్టేశాను. తేలిగ్గా ఉంటే, దుకాణం అతను చెప్పిన మహిమే అనుకున్నాను."

"నువ్వే మళ్లీ నింపి పెట్టావనుకున్నా!"

ఒకరి మీద ఒకరికి ఉన్న శ్రద్ధ మూడు లీటర్ల మేర మమ్మల్ని ముంచింది. సరిగ్గా అప్పుడే అత్తగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నీళ్లు తాగుతున్నారా?"

"మీ అబ్బాయి గొట్టం పట్టుకునే ఉన్నారత్తయ్యా."

"వాడి మాట నమ్మకు. బడికి ఖాళీ సీసా ఊపుకుంటూ వెళ్లిన ఘనుడు వాడు."

మజిలీలో ఒక కుళాయి ఉంది. కుళాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, దానికి కాపలాగా ఒకావిడ కూర్చుని ఉంది. అందరూ 'కుళాయక్క' అని పిలుస్తున్నారు. మావారు తిత్తి తీసి ముందుకు వెళ్లారు. ఆమె మా కాగితం అడిగి చూసింది.

"మీకు ఇంటి కనెక్షన్ ఉందిగా సార్. ఇంటి కనెక్షన్ ఉన్నవాళ్లు వీధి కుళాయి వాడకూడదు."

"అందులో నీళ్లు లేవక్కా," అన్నాను.

"కనెక్షన్ ఉన్నచోట నీళ్లుండాలని ఎక్కడుందమ్మా? నేనుండే చోటా కనెక్షన్ ఉంది."

"మరి పై గేటు దాటనిస్తారా?"

"హాయిగా. కాగితం ప్రకారం మీ దగ్గర మూడు లీటర్లు. ఈ కొండ మీద మీ అంత నీళ్లున్నవాళ్లు లేరు."

"ఈ కనెక్షన్ రద్దు చేసుకుంటే?" అన్నారు మావారు.

"చేసుకోవచ్చు సార్. కింద ఆఫీసులో. దిగి, రద్దు చేసుకుని, మళ్లీ ఎక్కేసరికి గేటు మూసేస్తారు. రేపు రండి."

రేపు. "రేపు కుదరదక్కా," అన్నాను. "రేపటి నుంచి ఈయన రాత్రుళ్లు, నేను పగళ్లు. ఇవాళ పైకెక్కకపోతే మళ్లీ ఇద్దరికీ కలిపి సెలవు ఎప్పుడొస్తుందో తెలీదు."

ఆమె నన్ను చూసింది, మావారిని చూసింది, ఆయన చేతిలో వేలాడుతున్న ఖాళీ తిత్తిని చూసింది. తర్వాత ఆకాశం వైపు తిరిగి, ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు అంది. "తాగడానికైతే కనెక్షన్ లేనివాళ్లే రావాలి. మొహం కడుక్కోడానికైతే ఎవరైనా రావచ్చు."

మావారు చదువుకున్నవారు. "మొహమంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అక్కా?"

"నుదురు నుంచి గడ్డం దాకా."

"నడుమ నోరుంటుంది కదా?"

"ఉంటే? మూసుకుని కడుక్కోమని రూల్లో లేదు."

మేమిద్దరం పెళ్లిరోజున కూడా అంత శుభ్రంగా మొహం కడుక్కోలేదు. కడుపు నిండేదాకా కడుక్కున్నాం. వెనక క్యూలో ఉన్న పెద్దాయన, "ఎంతసేపమ్మా, అంత మురికేముంది?" అని విసుక్కున్నాడు. తిత్తికి మొహం లేదు కనుక అది ఖాళీగానే ఉండిపోయింది. ఆఖరున దారికోసం చెరో పుక్కిలి నీళ్లు పట్టుకుని గేటు దాటాం. పెళ్లయ్యాక మేం మాట్లాడుకోకుండా నడిచింది ఆ కాస్త దూరమే. బుగ్గలు ఉబ్బించుకుని ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నడవడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. మలుపు దగ్గర ఆయన చూశారు. నేను నవ్వాను. నా వాటా మొత్తం ఆయన చొక్కా మీద పడింది.

కొసకు చేరాం. పెదాలు పగిలిపోతున్నాయి. పక్కపక్కన కూర్చున్నాం. "అదిగో మనిల్లు," అని ఆయన చూపించింది నీళ్ల ట్యాంకు. "కాదండీ, అదిగో," అని నేను చూపించింది ఎవరి మేడో. చివరికి ఊరంతా మనదేనని సర్దుకున్నాం.

దిగేటప్పుడు కింద గేటు దగ్గర మిగులు నీటి అధికారి ఆపారు. ఎంత తీసుకెళ్లారో, ఎంత మిగిల్చారో చూడటం ఆయన పని. తిత్తి విప్పి, తలకిందులుగా పట్టి, దులిపారు. చుక్క రాలేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇద్దరు మనుషులు, మూడు లీటర్లు, చుక్క వృథా లేదు. కుళాయి వాడినట్టు నమోదూ లేదు! ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి వాడకందార్లను చూడలేదండీ."

"సార్, అసలు సంగతేమిటంటే..." అని మావారు మొదలుపెట్టబోయారు. కుళాయక్క ఉద్యోగం గుర్తొచ్చి ఆయన కాలు తొక్కాను. అధికారి మా ఇద్దర్నీ గోడకు ఆనించి నిలబెట్టి ఫొటో తీశారు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఫొటో కూడా ముచ్చటేసింది.

తర్వాత చాన్నాళ్లకు మా ఇద్దరికీ కలిసి ఒక ఆదివారం దొరికింది. ఈసారి తిత్తిని ఇద్దరం కలిసి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నింపాం. నెత్తిన హెల్మెట్లు, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని మజిలీకి చేరాం. కుళాయి లేదు. గోడలోంచి బయటికొచ్చిన పైపుకు బిరడా బిగించారు. దాని పైన చట్రం కట్టిన మా ఫొటో ఉంది, చెమటకు మెరిసిపోతూ, నవ్వుతూ. కింద అందమైన అక్షరాలతో రాసి ఉంది: 'ఈ దంపతులకు కుళాయి అవసరం పడలేదు.'

కుళాయక్క ఉద్యోగం పోలేదు. అదే కుర్చీలో కూర్చుని ఇప్పుడు ఫొటోకు కాపలా కాస్తోంది. మమ్మల్ని గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు ఊరుకుంది.

ఒకాయన ఖాళీ సీసా పట్టుకుని ఫొటో ముందు నిలబడి ఉన్నాడు. వెంట భార్య, ఇద్దరు పిల్లలు, నాలుగు ఎండిన నోళ్లు. నా చెయ్యి దానంతటదే గొట్టం మీదికి వెళ్లింది.

"ఇంటి కనెక్షన్ బయటివాళ్లకిస్తే కోసేస్తారమ్మా," అంది కుళాయక్క మెల్లగా.

"మరి మాలాంటివాళ్లు నీళ్లు తాగకూడదా?" అన్నాడాయన.

"అయ్యో, ఎంతమాట సార్!" అంది ఆమె. "తాగొచ్చు. ఆ హక్కు అలాగే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు."