కొత్తగా పుట్టిన పిండిమిల్లు

కొత్తగా పుట్టిన వ్యాపారానికి మొట్టమొదట కావలసింది సూర్యుడు. ఈ సంగతిని పైవాళ్ళు ఉత్తర్వు వేసి మరీ తేల్చిచెప్పారు. (గిరాకీ సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.) ఆ ప్రకారం, సోలార్ ప్యానెళ్ళు బిగించే ప్రతి లైసెన్సుదారూ ఆరు నెలలకొకసారి, పుట్టి మూడు నెలలు నిండని సంస్థ ఒకదాన్ని వెతికి పట్టుకుని దాని నెత్తిన ప్యానెళ్ళు పెట్టితీరాలి. పెట్టనివాడి లైసెన్సు దానంతటదే ఆరిపోతుంది. ఇందుకోసం 'నవజాత సంస్థల సౌరీకరణ విభాగం' వెలిసింది. నవజాతానికి ఒక అధికారి, సౌరీకరణకు ఒక అధికారి వచ్చారు. సంస్థలకు మాత్రం పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.

ప్యానెళ్ళ మేస్త్రీ వయసంతా కప్పుల మీదే గడిచింది. కోల్డ్ స్టోరేజీ, రంపపు మిల్లు, పిండిమిల్లు అన్నీ ఆయన చేతి పనే. అవేవీ లెక్కలోకి రావు. నిలబడ్డవాళ్ళను నిలబెట్టనక్కర్లేదని ఉత్తర్వులోనే ఉంది. గడువు నెల రోజుల్లోకి వచ్చింది. లైసెన్సు పోతే పాతవాటికి మరమ్మతు కూడా చేయకూడదు. ఆయనకు వేరే పని రాదు.

బావమరిది తన ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాడు. ఎక్కడ కంపెనీ రిజిస్టరైనా అందులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది.

"బావా, పుట్టింది."

"ఏం కంపెనీ?"

"ఎగుమతులు, దిగుమతులు."

"ఏం ఎగుమతి చేస్తారట?"

"ఇప్పుడే గదా పుట్టింది. అప్పుడే అన్నీ అడిగితే ఎలా?"

వెళ్ళి చూస్తే ఆ చిరునామా మూడో అంతస్తులో ఒక ఆడిటర్ గది. గోడ వారగా అలమర, అందులో ఫైళ్ళు, ఫైళ్ళలో కంపెనీలు. బల్ల మీద అప్పటికే ప్యానెళ్ళవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. అందరి ఫోన్లలోనూ అదే బిడ్డ ఏడ్చింది మరి.

"కప్పు ఎక్కడండీ?" అన్నాడు మేస్త్రీ.

ఆడిటర్ అలమర పైభాగం చూపించాడు. "ఈ కంపెనీలన్నిటికీ ఉన్న కప్పు అదొక్కటే. దాని మీద నా టిఫిన్ డబ్బా ఉంటుంది, కదపకండి."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు మేస్త్రీ.

"సోమలింగానికి నంబరు కూడా ఇచ్చారు బావా," అన్నాడు బావమరిది.

బల్ల మీది వాళ్ళలో ఒకడు మాత్రం లేచి, టేపుతో అలమర కొలుచుకుని వెళ్ళాడు.

ఆ రోజు నుంచి మేస్త్రీ ఫోన్ మాట వినడం మానేసి, వీధుల వెంట తల ఎత్తుకుని నడిచాడు. పాత కరెంటు తీగ మీద దుమ్మూ పిట్టరెట్టా ఉంటాయి. కొత్త తీగ నల్లగా మెరుస్తుంది. అలా మెరిసే తీగ ఒకటి పట్టుకుని పోతే, సందు చివర రేకుల కప్పు వేసిన లాండ్రీ దొరికింది. పెట్టి రెండు నెలలైంది. హోటళ్ళ దుప్పట్లు ఉతుకుతారు. కప్పు మీద పొద్దస్తమానం ఎండే.

"పెట్టెయ్ అన్నయ్యా," అంది లాండ్రీ ఆవిడ, అడక్కముందే. "ఈ ఆరబెట్టే మిషన్ దుప్పట్లను ఆరబెట్టేలోపు నన్ను ఆరబెట్టేస్తోంది."

మేస్త్రీ ఆవిణ్ణి వెంటబెట్టుకుని విభాగానికి వెళ్ళాడు. అనుమతి లేకుండా ఒక్క మేకు కొట్టినా లైసెన్సు రద్దు.

సౌరీకరణ అధికారి కాగితాలు తిరగేశాడు. "ఏడాది కరెంటు బిల్లులు ఏవి?"

"పెట్టి రెండు నెలలేనండీ."

"ఏడాది వాడకం చూడకుండా ఎన్ని ప్యానెళ్ళు కావాలో ఎలా తెలుస్తుంది?"

"పోనీ ఏడాది అయ్యాక వస్తాం."

"అప్పుడు నవజాతం కాదు కదా."

మేస్త్రీ కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. "ఇప్పటిదాకా ఎవరికైనా వచ్చిందా అండీ ఈ అనుమతి?"

"చాలా కట్టుదిట్టమైన పథకం," అన్నాడు అధికారి. "దుర్వినియోగమైన దాఖలా ఒక్కటీ లేదు."

అధికారి చెడ్డవాడు కాదు. (చెడ్డవాడైతే పని త్వరగా తేలేది.) గొంతు తగ్గించి దారి కూడా చెప్పాడు. "చూడండి, బిల్లు మీటరుది. పుట్టుక సంస్థది. పాత మీటరు మీద కొత్త సంస్థ పుడితే నాకేం అభ్యంతరం లేదు."

"మరి నా సంగతి?" అంది లాండ్రీ ఆవిడ.

"మీరు నిజంగానే కొత్తవారమ్మా. అదే చిక్కు."

మేస్త్రీ ఆవిడతో ఏడాది ఓపిక పట్టమని చెప్పి, అటునుంచి అటే పిండిమిల్లు పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క రోజు మూసేసి మళ్ళీ తెరవండి పెద్దాయనా. కాగితం మీదే."

"చావమంటున్నావా?"

"మిమ్మల్ని కాదు, మిల్లుని."

"తేడా ఏముందిరా?" అన్నాడు పెద్దాయన. కాని ఇన్‌వర్టరు చెడితే ఎక్కి చూసేవాడు మేస్త్రీ ఒక్కడే. అందుకని ఒప్పుకున్నాడు.

మిల్లు సోమవారం పోయింది, మంగళవారం పుట్టింది. ఊళ్ళో ఫోన్లన్నీ ఏడ్చాయి. నవజాత సంస్థ నెత్తిన పాత ప్యానెళ్ళు ఉండకూడదు గనక మేస్త్రీ వాటిని విప్పి, తుడిచి, కింద పెట్టించాడు. అధికారి 'ముందు' అని ఫోటో తీసుకున్నాడు. మేస్త్రీ వాటినే మళ్ళీ పైకెక్కించాడు. అధికారి 'తరువాత' అని ఫోటో తీసుకున్నాడు. లైసెన్సు బతికింది.

"నా మిల్లు ఇప్పుడు నా మునిమనవడి కన్నా చిన్నది," అన్నాడు పెద్దాయన. "వాడు నడుస్తున్నాడు కూడా."

కిటుకు మిగతా మేస్త్రీలకు పాకింది. రంపపు మిల్లు పుట్టింది. కోల్డ్ స్టోరేజీ కవలలుగా పుట్టింది. ఊళ్ళో పళ్ళొచ్చిన వ్యాపారమంటూ లేకుండా పోయింది. యువపారిశ్రామికులు ఇంతగా వికసించిన ఊరు మరొకటి లేదని విభాగం నివేదిక రాసుకుని, సంస్థల అధికారి పోస్టు అవసరం లేదని రద్దు చేసింది.

ఏడాది తిరిగింది. పిండిమిల్లు మూడోసారి పుట్టడానికి మేస్త్రీ, పెద్దాయన విభాగానికి వచ్చి కూర్చున్నారు. ఏడాది నిండింది గనక బిల్లులతో హాజరు కావాలని విభాగం పిలిపిస్తే లాండ్రీ ఆవిడా వచ్చింది. అధికారి బిల్లులన్నీ చూసి మెచ్చుకున్నాడు.

"అన్నీ సక్రమంగా ఉన్నాయి. కాని ఇప్పుడు మీరు పాతవారు."

"ఏం చేయమంటారు?"

"దానిదేముంది, ఒకసారి మూసేసి మళ్ళీ తెరవండి. అందరూ అదే చేస్తున్నారు. కావాలంటే మేస్త్రీ గారిని అడగండి."

మేస్త్రీ తల ఎత్తలేదు.

"సగం పని అయిపోయిందండీ," అంది లాండ్రీ ఆవిడ. "పోయిన నెలే మూసేశాను."