కళ్లజోళ్ల ఎక్స్ఛేంజి

ప్రపంచమంతా ఒకే కుటుంబమనీ, ఆ కుటుంబంలోంచి ఒక పదిహేడేళ్ల అమ్మాయి వచ్చే నెల మన ఊరికి వచ్చి ఏడాదిపాటు చదువుకుంటుందనీ సేవాక్లబ్బు ప్రెసిడెంటుగారు నిండు సభలో ప్రకటించారు. సభ నిండింది భోజనాల కోసమే అయినా, చప్పట్లు మాత్రం ప్రకటనకే పడ్డాయి.

"ఆ అమ్మాయి మా ఇంట్లోనే, మా కన్నబిడ్డలా ఉంటుంది!" అన్నారు ప్రెసిడెంటుగారు మైకు దగ్గరికి లాక్కుని.

మర్నాడు పొద్దున్నే క్లబ్బు సెక్రెటరీకి ఫోన్ చేశారు. సెక్రెటరీకి బజార్లో చిన్న ప్రింటింగు ప్రెస్సు ఉంది. క్లబ్బు బ్యానర్లూ, ఆహ్వానాలూ, సర్టిఫికెట్లూ అక్కడే అచ్చవుతాయి. అంచేత అతన్ని మించిన సేవాతత్పరుడు లేడని పదకొండేళ్లుగా ఏకగ్రీవంగా ఎన్నుకుంటున్నారు.

"ఏమయ్యా, మా ఆవిడ ససేమిరా అంటోంది. అమ్మాయి మీ ఇంట్లో ఉంటుంది. ఫొటోలకి మాత్రం మా ఇంటికి తీసుకురా."

"అలాగేనండీ. మరి కన్నబిడ్డలా అన్నారు..."

"అదీ ఫొటోలోనే."

అమ్మాయి వచ్చింది. సెక్రెటరీ భార్య కాగితం కట్టలు వసారాలోకి గెంటించి ఓ గది ఖాళీ చేసింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల మన మాట గలగలా మాట్లాడేయసాగింది. దేశాల మధ్య విద్యార్థుల్ని మార్చుకునే ఎక్స్ఛేంజి ప్రోగ్రాంలో వచ్చింది గనక, వీధిలో అందరూ ఆమెను 'ఎక్స్ఛేంజి' అని పిలిచేవాళ్లు. బంగారంలాంటి పిల్లే గానీ ఒక్కటే లోపం. క్లబ్బు నియమావళి చదివింది, చదివి నమ్మింది.

"అంకుల్, సేవ ఎప్పుడు?"

"ఆదివారం పదింటికమ్మా."

"ఎంతసేపు?"

"ఫొటోగ్రాఫరు వెళ్లేదాకా."

అంతలో ప్రెసిడెంటుగారు రెండువందల మంది వృద్ధులకు ఉచితంగా కళ్లజోళ్లు ఇస్తున్నామనీ, మంత్రిగారే స్వయంగా విచ్చేస్తున్నారనీ ప్రకటించారు. ఇందులో ఆయన స్వార్థమేమీ లేదు. మునిసిపల్ ఎన్నికలు అప్పటికింకా చాలా దూరం, తొమ్మిది నెలలున్నాయి.

కళ్ల డాక్టరు మూడు రోజులు కూర్చుని అందరికీ పరీక్షలు చేసి చీటీలు రాశాడు. ఎవరి జోడు వాళ్లదే, పెట్టె మీద పేరు. మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, పది నిమిషాలే ఉంటానన్నారు.

"పేర్లు పిలుస్తూ కూర్చుంటే తెల్లారినట్టే! చేతికందింది ఇచ్చేయండి," అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఒక్కొక్కళ్లది ఒక్కో పవరు సార్," అన్నాడు సెక్రెటరీ.

"మన క్లబ్బుకి అందరూ సమానమేనయ్యా. అయినా మంత్రిగారి ముందు పవరు గురించి మాట్లాడతావేంటి?"

చివర్న మిగిలిన ఓ దళసరి అద్దాల జోడుని మంత్రిగారు సరదాగా తనే పెట్టుకుని ఫొటో దిగారు. కళ్ల వెంట నీళ్లు బొటబొటా కారాయి. మెట్టు తప్పితే పి.ఏ. పట్టుకున్నాడు. ఆ జోడుతోనే కారెక్కి వెళ్లిపోయారు. 'వృద్ధుల కష్టాలకు చలించి కంటతడి పెట్టిన మంత్రి' అని మర్నాడు పత్రికలో వచ్చింది.

ఆ పత్రిక వచ్చేసరికే ప్రెస్సు ముందు జనం మూగారు.

"ఇది పెట్టుకుంటే మా ఆయన ఇద్దరుగా కనిపిస్తున్నాడు. ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను," అంది ఒకావిడ.

ఎక్స్ఛేంజి అందరినీ బల్లల మీద కూర్చోబెట్టింది. డాక్టరు చీటీలు తెప్పించింది. జోళ్లన్నీ పోగేసి, పెట్టెల మీది పేర్లు చూసి ఒకరిది ఒకరికి మార్చడం మొదలెట్టింది. "ఎక్స్ఛేంజి ప్రోగ్రామంటే ఇదే కదా అంకుల్!"

తన పెళ్లికి కూడా ప్రెస్సు మూయని సెక్రెటరీ రెండు రోజులు మెషీన్లు ఆపేశాడు. భార్య టీలు కాస్తూనే ఉంది. ఓ ముసలాయన జోడు మార్చుకుని, ఎదురుగా ఉన్న ప్రెస్సు బోర్డుని కూడబలుక్కుని చదివి, "ఓరి, ఇది ప్రెస్సా! నేనింకా మందుల షాపనుకుంటున్నా," అని పకపకా నవ్వాడు. సెక్రెటరీ గబగబా లోపలికెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. ఆ సమయానికి ఫొటోగ్రాఫరు లేడు.

అందరివీ సర్దుబాటయ్యాయి, ఒక్క నర్సు మామ్మది తప్ప. సగం ఊరికి పురుడు పోసిన చేతులావిడవి. ప్రెసిడెంటుగారిని భూమ్మీదికి తెచ్చిందీ ఆవిడే. ఇప్పటికీ ఆస్పత్రిలో పుట్టిన పసికందులకి తడుముకుంటూ టోపీలు కుడుతుంది.

"నాది మంత్రిగారి దగ్గరుందా? పోనీలే నాయనా. పాపం, ఆయనకేం కనిపిస్తోందో," అంది.

అంత పవరు అద్దం ఊళ్లో దొరకలేదు. ఏడాది పూర్తయి వెళ్లేటప్పుడు ఎక్స్ఛేంజి మామ్మ చేతులు పట్టుకుని, "నేను పంపిస్తాను," అని ఏడ్చింది. ఆ వీడ్కోలు సభలోనే ప్రెసిడెంటుగారికి 'ఉత్తమ అతిథి జనకుడు' సర్టిఫికెట్ ఇచ్చారు. అచ్చువేసింది సెక్రెటరీయే.

రెండు నెలలకి ఆ పిల్ల ఊరి నుంచి ఆరు అట్టపెట్టెలు దిగాయి. ఇల్లిల్లూ తిరిగి పోగేసి, పవరు రాసి, సర్ది పంపిన కళ్లజోళ్లు. 'ఒక పెట్టెలో నర్సు మామ్మది ఉంది. ముందు అది ఇవ్వండి అంకుల్' అని వంకర అక్షరాల ఉత్తరం.

"సీలు మంత్రిగారి చేతుల మీదుగానే తియ్యాలి," అన్నారు ప్రెసిడెంటుగారు. "ముందే తీస్తే అంతర్జాతీయ సమస్య అవుతుంది."

మంత్రిగారి తేదీ మూడుసార్లు వాయిదా పడింది. సెక్రెటరీ రెండుసార్లు కత్తెర జేబులో వేసుకుని క్లబ్బు హాలుకి వెళ్లాడు. రెండుసార్లూ పెట్టెల చుట్టూ తిరిగి, అలాగే వెనక్కొచ్చాడు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. సెక్రెటరీ నర్సు మామ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. హాలు కిటకిటలాడుతోంది. పెట్టెలు మాత్రం కనిపించలేదు.

"పెట్టెలేవి సార్?"

"ష్! స్టేజీ ఎత్తు చాలదన్నాడు పి.ఏ. టైము లేక వాటి మీదే చెక్కలు పరిపించాం. పైన తివాచీ వేశాంగా, ఎవరికీ తెలీదులే. సభయ్యాక తీసుకుందాం."

సెక్రెటరీ నోరు తెరిచేలోగా మంత్రిగారు స్టేజీ ఎక్కారు. వెనకే ప్రెసిడెంటుగారు, వాళ్ల వెనక పదిహేను మంది కార్యకర్తలు. కరకరమని ఒక చప్పుడు తివాచీ కింద ఈ చివర మొదలై ఆ చివరిదాకా పాకింది. హాలంతా చప్పట్లు.

మామ్మ చెవి అటు వేసింది. "ఏమిటి నాయనా ఆ చప్పుడు?"

సెక్రెటరీ తివాచీ వంక చూశాడు.

"చప్పట్లు మామ్మా," అన్నాడు.

"అలాగా," అని మామ్మ కూడా కొట్టింది.