చక్రాల మీద గోంగూర

సొంత నేల ఉన్నవాళ్లని చూస్తే నాకు జాలి. పాపం, ఒక్క మొక్క నాటారంటే అయిపోయింది. ఇక ఆ మొక్కా అక్కడే, వాళ్లూ అక్కడే. ఎండ ఎటు తిరిగినా, పక్కింట్లోకి ఎలాంటివాడు దిగినా, కదలడానికి లేదు. అదీ ఒక బతుకేనా?

మాకు ఆ బాధ లేదు. మేం ఐర్లండ్‌లో, డ్రోహెడా అనే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. లీజులో పద్నాలుగో షరతు చాలా స్పష్టంగా ఉంది. పెరట్లో నేల తవ్వకూడదు, గడ్డి తప్ప ఏమీ ఉండకూడదు. అది చదివి మా ఆవిడ లీలారాణి ముఖం మాడ్చుకుంది. నేను మాత్రం ఆ షరతు రాసిన మహానుభావుడికి మనసులోనే దండం పెట్టాను. ఎందుకంటారా? కుండీల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

నా పేరు శౌరి. మందుల ఫ్యాక్టరీలో ఇంజినీర్ని. మా ప్లాంట్‌లో బకెట్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి జరపాలన్నా నలుగురు సంతకాలు పెట్టాలి. కాబట్టి డబ్బాల గురించి, వాటిని జరపడం గురించి నేను చెప్పేవి గాలికబుర్లు కావని మనవి. లీలారాణి ఆసుపత్రిలో నర్సు. మాది గుంటూరు జిల్లా. ఇంతవరకు చెప్పాక మా ఇంట్లో ఏ మొక్క ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు. గోంగూరే.

ఐర్లండ్‌లో గోంగూర పెరగదని పెద్దలంటారు. తప్పు. కదలని గోంగూర పెరగదు. కదిలే గోంగూర భేషుగ్గా పెరుగుతుంది. మేం అద్దె ఇళ్లలో కదులుతూ కదులుతూ కనిపెట్టిన సంగతి ఇది.

ఫిబ్రవరిలో విత్తనాలని పెరుగు కప్పుల్లో వేసి హాట్ ప్రెస్‌లో పెడతాం. ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు. వేణ్నీళ్ల ట్యాంకు ఉండే అల్మారా హాట్ ప్రెస్. అందులో తువ్వాళ్లు ఆరేసుకుంటారు. ఈ దేశం మొత్తంలో గుంటూరు ఎండ దొరికే చోటు అదొక్కటే. ఈ ఏడు నా బనియన్లు బయటికొచ్చాయి, గోంగూర లోపలికెళ్లింది. ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో అప్పుడే తేలిపోయింది.

మొలకలు రెండాకులు వేశాయో లేదో, పాత ఇంటి ఓనర్ తన కూతురొస్తోందని మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. నేలలో వేసి ఉంటే ఏమయ్యేది? ఏడ్చుకుంటూ వదిలేసి వచ్చేవాళ్లం. కప్పుల్లో ఉండబట్టి, మా అమ్మాయి అబిగేయిల్ ఒళ్లో ట్రే పెట్టుకుని కారులో కూర్చుంది, అంతే. దానికి పదమూడేళ్లు. ఇళ్లు మారడంలో దానికున్న అనుభవం ఈ ఊళ్లో ప్యాకర్లకి కూడా లేదు.

ఇక కుండీ ఎంపిక. ఇది పిల్లలకి స్కూలు బూట్లు కొనడం లాంటిది. ఒక్క సైజు పెద్దది చూసుకోవాలి. మరీ పెద్దదైతే నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతుంది. మరీ చిన్నదైతే వేళ్లు గోడకి తగిలి అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంటాయి. అందుకని కప్పు నుంచి పెరుగు బకెట్‌కి, బకెట్ నుంచి బాస్మతి బియ్యం సంచికి. అడుగున కన్నాలు మాత్రం మర్చిపోకూడదు. ఇక్కడ కురిసే వానకి కన్నాల్లేని బకెట్ అంటే చెరువే.

మార్చేటప్పుడు ఓ పద్ధతి ఉంది. ముందురోజు నీళ్లు పోయాలి. కాండం పట్టుకుని లాగకూడదు. బకెట్ని పక్కకి వాల్చి, అడుగున తట్టి, మట్టిగడ్డతో సహా జారనివ్వాలి. రెండ్రోజులు గాలి తగలనిచోట ఉంచాలి. ఆకులు వేలాడేస్తుంది. కంగారు పడకూడదు. మూడోరోజుకి అదే లేస్తుంది.

ఇల్లు మారిన ప్రతిసారీ లీలారాణి కూడా రెండ్రోజులు అలాగే ఉంటుంది. నేను కంగారు పడను.

జూన్‌లో ఒక మొక్క సంచిని చీల్చేసింది. ఏం చేయాలా అని చూస్తుంటే, ముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిపోయిన వీలీ బిన్ కనిపించింది. అదేనండీ, చక్రాల చెత్తడబ్బా. మానవజాతి కనిపెట్టిన కుండీలన్నిటిలో ఉత్తమమైనది ఇదేనని ఈ సందర్భంగా ప్రకటిస్తున్నాను. లోతుకి లోతు, పట్టుకోవడానికి పిడి, కింద చక్రాలు! పొద్దున వంటింటి గోడ దగ్గర, మధ్యాహ్నం ఇల్లు వేడిచేసే ఆయిల్ ట్యాంకు పక్కన, సాయంత్రం కంచె మూలన. ఎండ ఎటు పోతే అటు తోసుకుపోవడమే. సొంత పొలం ఉన్న ఏ రైతైనా తన పొలాన్ని ఎండలోకి నెట్టుకోగలడా?

ఒక మంగళవారం నిద్రమత్తులో దాన్ని చెత్త బిన్ అనుకుని రోడ్డు మీద పెట్టేశాను. లారీవాళ్లు తీసుకెళ్లలేదు. దాని పక్కన నిలబడి ఫొటో దిగి, నా వంక చూసి బొటనవేలు ఎత్తి చూపించి వెళ్లిపోయారు. ఎందుకంత గౌరవమో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆగస్టుకి మొక్క నా భుజం దాటింది. వేళ్లు చాపినట్టు ఆకు, అంచుల వెంట రంపపు పళ్లు. ఈ ఆకు చూడ్డానికి ఇంకో ఆకులా ఉంటుందని, ఆ ఇంకో ఆకు పెంచితే ఇక్కడ కేసు పెడతారని మాకు తట్టనేలేదు. మనకి గోంగూరని చూస్తే పచ్చడి గుర్తొస్తుంది గానీ పోలీసులు గుర్తొస్తారా?

పైగా మా పంపిణీ పద్ధతి ఒకటి ఏడ్చింది. ఉన్నది కాస్త, అడిగేవాళ్లు కోకొల్లలు. అందరికీ ఇవ్వలేం కాబట్టి ఇచ్చేది గుట్టుగా ఇవ్వాలి. చర్చిలో ప్రార్థన అయ్యాక చెవిలో చెప్పుకుంటారు. మెయ్‌నూత్‌లో చదువుకునే రమ్యశ్రీ, "అక్కా, సరుకు రెడీయా?" అని మెసేజ్ పెడుతుంది. "కొంచెమే ఉంది, ఎవరికీ చెప్పకు" అని మా ఆవిడ జవాబు. ఆ పిల్ల ఖాళీ బ్యాగుతో వచ్చి, నిండు బ్యాగుతో వెళుతుంది. క్లాండాల్కిన్ నుంచి ప్రిస్కిల్లా వస్తే లోపలికి కూడా రాదు, డ్యూటీకి టైమైపోతుందని. వీధి చివర కారు ఇంజిన్ ఆపకుండా కూర్చుంటుంది. లీలారాణి వానకి తలమీద హుడ్ లాక్కుని, గబగబా వెళ్లి, కిటికీలోంచి జిప్ కవర్ ఇచ్చి వచ్చేస్తుంది. చూసేవాళ్లకి ఇంకేం కావాలి చెప్పండి?

చూసింది గ్రాన్య. మా ఓనర్ తరఫున ఇల్లు చూసుకునే ఏజెంట్. ఇల్లు సరిగా ఉంచుకుంటున్నామో లేదో చూడ్డానికి వచ్చింది. మేమిద్దరం డ్యూటీలో ఉన్నాం. అబిగేయిల్ తలుపు తీసి, పెరడు చూపించి, ఇదంతా మీకేనా అని ఆవిడ అడిగితే, పిల్ల కదా, నిజం చెప్పేసింది.

"నో, మామ్ గివ్స్ ఇట్ టు లోడ్స్ ఆఫ్ పీపుల్, లైక్."

సాయంత్రానికి గార్డులొచ్చారు. ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. ఒక పెద్దాయన, ఒక అమ్మాయి. లీలారాణి అప్పుడే యూనిఫామ్‌తో ఇంట్లోకి అడుగు పెట్టింది. పెరట్లో ఉన్న మొక్క మీదేనా అని అడిగారు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి ఈ దేశంలో ఒకరు తన మొక్క గురించి అడిగారు.

మీరు వాడతారా? రోజూ. ఇంట్లో పిల్లలు? పళ్లు వచ్చినప్పటి నుంచీ అన్నంలో కలిపి పెడుతున్నాను. బయటివాళ్లకి కూడా ఇస్తారా? ఇవ్వకపోతే ఊరుకుంటారా, ఫోన్లు చేసి చంపేస్తారు. ఎండబెడతారా? ఛ, ఎండబెడితే ఏముంటుంది, నూనెలో వేయిస్తేనే దాని మజా.

గార్డమ్మాయి రాసుకోవడం ఆపేసి పెద్దాయన వంక చూసింది. నాకు అప్పుడు వెలిగింది, వీళ్లు అడుగుతున్నది గంజాయి గురించని. లారీవాళ్ల బొటనవేలు కూడా అప్పుడే అర్థమైంది.  ఆవిడ ఉద్యోగం, మా ఇల్లు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆవిడకి కళ్లతో సైగ చేశాను, ఆవిడ చూస్తేగా.

లీలారాణికి ఇంకా ఏమీ తెలియదు. బిన్ దగ్గరికి వెళ్లి రెండాకులు తుంచి, ఒకటి తను నోట్లో వేసుకుని, ఒకటి పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వాసన చూశాడు, తిప్పి చూశాడు, చివరికి కొరికాడు. కళ్లు మూసుకుపోయాయి. మా అమ్మ పెంచే రూబార్బ్ కాడలు కూడా ఇంత పులుపుండదు అన్నాడు. మా ఆవిడ అక్కడితో వదిలిందా? కూర్చోబెట్టి, వేడన్నంలో పచ్చడి, నెయ్యి వేసి పెట్టింది. ఆయన మూడు గ్లాసుల నీళ్లు తాగి గ్రాండ్ అన్నాడు. ఇక్కడ అన్నిటికీ అదే మాట, కానీ ఆయన కంచం ఖాళీ చేశాడు కాబట్టి నమ్మొచ్చు.

వెళ్తూ వెళ్తూ బిన్‌ని తట్టి, దీన్ని నేలలో వేయకూడదా, ఇరుకైపోయింది పాపం, అన్నాడు.

లీలారాణి నా వంక చూసింది. అడగాల్సిన మాట ఈ ఊరి గార్డే అడిగేశాడన్నట్టు చూసింది. నాలుగిళ్ల నుంచీ ఆవిడ అడుగుతున్నది అదొక్కటే. కాస్త నేల, అదీ పెరట్లో ఓ మూల. నేను పద్నాలుగో షరతు చదివి వినిపించాను.

తర్వాతి వారం నోటీసొచ్చింది. ఓనర్ ఇల్లు అమ్ముకుంటున్నాడు, అక్టోబర్ నెలాఖరుకి ఖాళీ చేయాలి. దీనికీ గార్డులు రావడానికీ ఏ సంబంధమూ లేదని గ్రాన్య ఫోన్ చేసి మరీ చెప్పింది. మొక్క చాలా బాగుందని కూడా చెప్పింది. నేను నమ్మాను. అద్దెకుండేవాడికి నమ్మడం ఒక వ్యాయామం.

చూశారా మరి, కుండీ గొప్పతనం! నేలలో వేసి ఉంటే ఈ పాటికి మా గతి ఏమయ్యేది? అంతేనా, ఇల్లు వెతకడంలో ఉన్న ఆనందాలు సొంతిల్లున్నవాడికి ఎలా తెలుస్తాయి? ఇల్లు చూడ్డానికి వెళితే క్యూ వీధి మలుపు తిరిగి ఉంటుంది. తిరునాళ్లకి వెళ్లినట్టుంటుంది. వానలో నిలబడి ఎంతమందితో పరిచయాలు! అందరం ఒకే ఇల్లు కావాలనుకుంటున్న ఆత్మీయులం. మేం ఒక నర్సు, ఒక ఇంజినీరు, ఒక బుద్ధిగల పిల్ల అని చెప్పుకునేవాళ్లం. వీలీ బిన్ ఊసెత్తేవాళ్లం కాదు.

చివరికి ప్రిస్కిల్లా పుణ్యమా అని క్లాండాల్కిన్‌లో రెండో అంతస్తులో ఫ్లాట్ దొరికింది. బాల్కనీ ఉంది, దానిలో ఏమీ పెట్టకూడదు. లీలారాణి డ్రోహెడా ఆసుపత్రికి ఇక హైవే మీద రానూపోనూ. అబిగేయిల్‌కి మూడో స్కూలు. రెండ్రోజులు ఆకులు వేలాడేస్తుంది. మూడోరోజుకి లేస్తుందని నా శాస్త్రం చెబుతోంది. ఆ మాట దానితో అంటే తలుపు వేసుకుంది.

ఖాళీ చేసే రోజు వచ్చింది. వ్యాన్‌లో సామానంతా ఎక్కించాం. బిన్ ఎక్కలేదు. మొక్క కంచె దాటి పెరిగింది, వ్యాన్ తలుపు పట్టలేదు. పట్టినా రెండో అంతస్తులో పెట్టేదెక్కడ? కోసేయమన్నాను. లీలారాణి కత్తి పట్టుకుని వెళ్లింది. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. కత్తి గడ్డి మీద ఉంది. ఆవిడ బిన్ పిడి పట్టుకుని నిలబడింది, దాన్ని ఇంకా ఎటో తోసుకెళ్లాలన్నట్టు.

పక్కనే అబిగేయిల్. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"కెన్ ఇట్ నాట్ జస్ట్ స్టే, డాడ్?"

అది ఇక్కడే ఉండిపోకూడదా అని. మొక్క గురించే అడిగిందనుకుంటాను.

పద్నాలుగో షరతు చదవబోయాను. మానేశాను. షెడ్‌లోంచి పార తెచ్చాను. పార కూడా ఆ ఇంటిదే. గడ్డి ఎత్తి చూస్తే కింద మట్టి నల్లగా, మెత్తగా, వానపాములతో ఉంది. ఇన్నాళ్లూ మా కాళ్ల కిందే ఉంది. ముగ్గురం కలిసి బిన్ని వాల్చి, అడుగున తట్టి, మెల్లిగా జార్చాం. లోపల మట్టి అన్నది కనిపించలేదు. అన్నీ వేళ్లే. డబ్బా ఏ ఆకారంలో ఉందో అచ్చం ఆ ఆకారంలో, మూలలతో సహా చుట్టుకుపోయి ఉన్నాయి. లీలారాణి గడ్డిలో కూలబడి వాటిని ఒక్కొక్కటే విప్పింది. చంటిపిల్ల జడ చిక్కు తీసినట్టు తీసింది. నేను తొందరపెట్టలేదు.

రాబోయే నవంబర్ మంచుకి మొక్క వారం కూడా ఉండదు. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

తాళాల కోసం గ్రాన్య వచ్చింది. తవ్విన నేలని చూసింది, మొక్కని చూసింది, మా బురద చేతుల్ని చూసింది. లీజు ప్రకారం అని మొదలుపెట్టింది. లీజు పొద్దున్నే అయిపోయిందమ్మా అన్నాను. అద్దెకున్నన్నాళ్లూ తవ్వకూడని నేలని ఖాళీ చేశాకే తవ్వగలిగాం. మరి ఖాళీ చేయించడం వరం కాదంటారా?

వ్యాన్ కదిలింది. లీలారాణి వెనక్కి తిరగలేదు. నేను తిరిగాను. కంచె మీదుగా గోంగూర తల కనిపిస్తోంది, గాలికి ఊగుతోంది, అక్కడే ఉంది.

సొంత నేల ఉన్నవాళ్లని చూస్తే నాకు జాలి అన్నాను కదా. జాలి కాదండీ. కుళ్లు.