మోటారు కాలిన పంచాయతీ మిగులు

గ్రామ పంచాయతీ ఆర్థిక ఆరోగ్యాన్ని దెబ్బతీసే అంశాలన్నిట్లోకీ ప్రజలే ప్రమాదకరమైనవారని స్థానిక సంస్థల మిగులు పరిశీలన విభాగం తేల్చింది. (వాళ్లకు దాహం వేస్తుంది.)

ఆకివీడు అవతల, చేపల చెరువుల మధ్యనున్న కొర్రమట్టపాడులో మంచినీళ్ల మోటారు వేసవి మొదట్లోనే కాలిపోయింది. ఊరి చుట్టూ నీళ్లే గాని, అవి చేపలకు కేటాయించినవి. కార్యదర్శి దేవకుమారి కొత్త మోటారుకు అనుమతి అడిగితే, పాత పన్నులు వసూలైతే గాని ఫైలు కదలదన్నారు పై అధికారులు. ఆమె దండోరా వేయించింది. పన్ను కట్టడమంటే చిన్నతనంగా భావించే ఆ ఊరు ఖాళీ బిందెలతో క్యూ కట్టి, తాతల నాటి బకాయిలు ఫోన్లతో స్కాన్ చేసి మరీ తీర్చేసింది. చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే సువర్ణ వచ్చే ఏడాది నీటి పన్ను కూడా ముందే కట్టింది.

“ఇంక నీళ్లొస్తాయి కదండీ?”

“రాకేం, సువర్ణా!” అంది దేవకుమారి. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలా బాధపడింది.

విభాగం తరఫున నరసరాజు గారు పరిశీలనకు వచ్చారు. ఆదాయం చూసి కళ్లజోడు సర్దుకున్నారు. ఖర్చు చూసి లేచి నిలబడ్డారు.

“మోటారు తిరగలేదు, కరెంటు బిల్లు రాలేదు. జిల్లాలో మీదే ప్రథమ స్థానమండీ!”

“ఆ మిగులుతో మోటారు కొనుక్కుంటామండీ.”

“కొంటే మిగులు పోదుటండీ?” ఆయన నొచ్చుకున్నారు. “ఇంత కష్టపడి సాధించి, చేతులారా పాడుచేసుకుంటారా?”

దేవకుమారికి ఏడుపొచ్చింది. (ఆనందబాష్పాలుగా నమోదైంది.)

ఎండకు నరసరాజు గారి నోరెండిపోయింది. అక్కడే ఉన్న సువర్ణ తన ఇంటికెళ్లి, కూలి డబ్బులతో కొనుక్కున్న మంచినీళ్ల టిన్నులోంచి చెంబెడు తెచ్చిచ్చింది. ఆయన గటగటా తాగి, “తియ్యగా ఉన్నాయమ్మా” అంటూ ‘నీటి సరఫరా సంతృప్తికరం’ అని రాసుకున్నారు.

“అవి కొనుక్కున్నవండీ!” అంది సువర్ణ కోపంగా.

“ప్రజల భాగస్వామ్యం కూడా బాగుంది” అని ఆయన మరో వాక్యం చేర్చారు.

వారం తిరక్కుండా తాడేపల్లిగూడెం సభలో దేవకుమారికి శాలువా కప్పారు. చప్పట్లు ఆగాక, మిగతా కార్యదర్శులందరికీ నోటీసులు పంచారు. వాళ్ల ఊళ్లలో మోటార్లు ఇంకా ఎందుకు తిరుగుతున్నాయో సంజాయిషీ ఇవ్వాలట.